స్వర్ణ ఇచ్చిపోయిన గేమ్

మార్చి 6, గురువారం

స్వర్ణ హాస్టల్ గది ఖాళీ చేసింది. సొంత జిల్లాలోనే పోస్టింగ్. కరీంనగర్. మూడేళ్లు నా పక్క మంచం మీద పడుకున్న మనిషి రెండు సూట్‌కేసులు, ఒక పరుపు చుట్టతో ఆటో ఎక్కేసింది.

పోతూ పోతూ నా చేతిలో ఒక గుడ్డ సంచి పెట్టింది. లోపల వీడియో గేమ్. రెండు చేతులతో పట్టుకుని ఆడుకునేది. నల్లది. కుడివైపు బటన్ మీద రంగు పోయింది. నాకెందుకే అన్నాను. "నాకు జాబ్ అచ్చింది పుస్తకాలతోని కాదే, దీనితోని" అంది. నవ్వుతుందేమో అని చూశాను. నవ్వలేదు. భయమైనప్పుడల్లా పది నిమిషాలు ఆడి మళ్లీ చదువుకునేదట. పాత బ్యాటరీ పోతే ఎక్కడో రోడ్డు పక్క కొత్తది వేయించిందట. మంచిగ నడుస్తున్నది అంది.

నాకు భయమని దానికెట్లా తెలుసు? నేనెప్పుడూ ఎవరికీ చెప్పలేదు.

మార్చి 9, ఆదివారం

మాక్ టెస్ట్‌లో మళ్లీ అదే.

నలభై రెండో ప్రశ్న దగ్గర ఊపిరి ఆగింది. నిజానికి ఆగలేదు. గాలి లోపలికి పోతోంది, అందడం లేదు. వేళ్లు తిమ్మిరెక్కాయి. గుండె చెవుల్లో కొట్టుకుంది. ఇక్కడే పడిపోతాను, అందరూ చూస్తారు, నాయనకు ఫోన్ పోతుంది. బాత్రూమ్ అని చెప్పి బయటికి వచ్చేశాను. మళ్లీ లోపలికి పోలేదు.

రాసుకుంటే తగ్గుతుందని ఎక్కడో చదివాను. సరే, రాస్తాను. నాకు ఇరవై ఏడు. మా ఊరు కోస్గి దగ్గర. నాయన బుగ్గయ్య, మేస్త్రీ. నేను పదో తరగతిలో ఉన్నప్పుడు పట్నం వచ్చాడు. ఇప్పుడు విద్యానగర్‌లో అపార్ట్‌మెంట్ పని, ఉండడమూ అక్కడే. అమ్మ ఊళ్లో నానమ్మను చూసుకుంటుంది. సైట్‌లో అందరికీ నా బిడ్డ ఆఫీసర్ అయితది అని చెప్పుకుంటాడు నాయన. సర్కారు ఉద్యోగం పరీక్షకు చదవడం ఇది మూడో ఏడు. పరీక్ష మే 18న.

మార్చి 11, మంగళవారం

ఈరోజు లైబ్రరీలో మొదలైంది. పాలిటీ పుస్తకంలో అక్షరాలు కదులుతున్నట్టు అనిపించింది. సంచి తీసుకుని వెనక చెట్ల కింద కూర్చున్నాను. స్వర్ణ గేమ్ ఆన్ చేశాను.

చాలా ఆటలున్నాయి. మొదట కనబడింది నొక్కాను. ఒక తెల్ల బాతు. నీళ్లలో మునిగి అడుగున ముత్యాలు ఏరుకోవాలి. పైన ఒక నీలం గీత ఉంటుంది, అది దాని ఊపిరి. గీత అయిపోయేలోపు పైకి రావాలి. వచ్చినప్పుడు రెక్కలు విదిలించి గట్టిగా గాలి పీలుస్తుంది. నాలుగోసారి అది పైకి వచ్చినప్పుడు దానితో పాటు నేనూ పీల్చానని గమనించాను.

పదకొండు నిమిషాలు. చేతులు మామూలుగా అయిపోయాయి. లోపలికి పోయి రెండు చాప్టర్లు చదివాను.

మార్చి 15, శనివారం

మందులాగా వాడుతున్నాను. పొద్దున ఒకసారి, టెస్ట్ ముందు ఒకసారి. ఫోన్‌లో ఆడుకోవచ్చు కదా అనిపిస్తుంది. ఫోన్‌లో అయితే కట్-ఆఫ్ పుకార్లు, పరీక్ష వాయిదా అని మెసేజ్, కాదని మెసేజ్, నాయన మిస్డ్ కాల్. ఇందులో బాతు తప్ప ఎవరూ లేరు. ఇన్నేళ్ల నుంచి ఏం చదువుతున్నావని అది అడగదు. మునిగిపోతే మళ్లీ మొదటి నుంచి. ఎవరికీ తెలియదు.

ఈ వారం రెండు టెస్టులు పూర్తిగా రాశాను. ఆర్నెల్లలో మొదటిసారి.

మార్చి 21, శుక్రవారం

దీని అసలు రంగు ఈరోజు తెలిసింది.

రెండింటికి పది నిమిషాలని మొదలుపెట్టాను. తల ఎత్తితే ఐదున్నర. ఎకానమీ క్లాస్ పోయింది. బొటనవేళ్లు నొప్పి. కళ్లు మూసుకుంటే నీలం గీత. భయం పోయిందా అంటే పోయింది. మూడున్నర గంటలు కూడా దాంతోనే పోయాయి. ఇప్పుడు వాటి కోసం భయపడుతున్నాను.

సిగ్గుపడాల్సింది ఇంకొకటి ఉంది. నా గదిలో ఇప్పుడు నేనూ భానూ ఇద్దరమే. భానుది నల్గొండ. ఇరవై మూడేళ్ల పిల్ల. మొదటిసారి రాస్తోంది. పొద్దస్తమానం రీల్స్ చూస్తోందని నెల కింద దానికి పెద్ద క్లాస్ పీకాను. అక్కా నువ్వే దాచిపెట్టు అని ఫోన్ తెచ్చి నాకే ఇచ్చింది. అది నా లాకర్‌లో ఉంది. రోజుకు అరగంట ఇస్తాను. ఆ లాకర్‌లోనే, ఆ ఫోన్ పక్కనే గేమ్ పెడుతున్నాను. తాళంచెవి మేకుకు వేలాడుతుంది. నేను ఇవ్వకుండా భాను ఫోన్ తీసుకోదు, నాకు తెలుసు. అంత నమ్మకంగా ఉంటుంది.

దానికి చెప్పాలి. చెప్పలేను.

మార్చి 24, సోమవారం

నాలుగు గంటలు.

మార్చి 28, శుక్రవారం

ఒక సంగతి జరిగింది. రాయడానికి కూడా ఒకలా ఉంది.

నిన్న సాయంత్రం ఆపినప్పుడు నా దగ్గర ఇరవై ఏడు ముత్యాలు. ఇరవై ఏడు అని బాగా గుర్తు, నా వయసు కాబట్టి. ఈరోజు లైబ్రరీ నుంచి వచ్చి తెరిస్తే నలభై ఒకటి.

నేనే ఆడి మర్చిపోయానా? ఎప్పుడు ఆడాను?

ఏప్రిల్ 2, బుధవారం

మళ్లీ. ఈసారి పరీక్ష పెట్టుకున్నాను. చేతి మీద పెన్నుతో రాసుకుని పోయాను. 58, ఛార్జింగ్ ఫుల్. మధ్యాహ్నం వచ్చి చూస్తే 73, ఛార్జింగ్ పన్నెండు శాతం.

లాకర్‌కు తాళం ఉంది. తాళంచెవి మేకుకే ఉంది. భాను నోట్స్ రాసుకుంటోంది. ఎవరైనా వచ్చారా అని అడిగితే తల ఎత్తకుండా లేదక్కా అంది. అది రీల్స్ వదిలేశాక బంగారంలా చదువుతోంది. దాన్ని ఇంకేమని అడుగుతాను? అడిగితే గేమ్ సంగతి చెప్పాలి.

ఇక మిగిలింది నేనే. నాకు తెలియకుండా నేనే లేచి ఆడుతున్నానా? మా పెద్దమ్మ ఒకామె నిద్రలో నడిచేది. సంకెల పెట్టి కట్టేసేవాళ్లని నానమ్మ చెప్పేది. ఊపిరాడకపోవడంతో మొదలై ఇక్కడికి వచ్చిందా? గూగుల్‌లో వెతికాను. వెతకకుండా ఉండాల్సింది.

ఏప్రిల్ 5, శనివారం

నాయన వచ్చాడు. హాస్టల్ గేటు బయటే నిలబడ్డాడు, బట్టల నిండా సిమెంటు అని లోపలికి రాడు. జొన్నరొట్టెలు, పచ్చిపులుసు తెచ్చాడు. బక్కగైనవు బిడ్డా అన్నాడు. చదువుడు ఎట్లుందని అడిగాడు. బాగుందన్నాను. కండ్లెందుకు ఎర్రగున్నయి అన్నాడు. చదివి చదివి అన్నాను.

నమ్మాడు.

ఏప్రిల్ 9, బుధవారం

గేమ్ వెనక మూత కొంచెం లేచింది. ఎడమ పక్క సందు పడింది. స్క్రూ వదులైందేమో అని నొక్కాను. కూర్చోలేదు, మెత్తగా వెనక్కి వచ్చింది. బల్ల మీద పెడితే ఊగుతోంది. వాసన కూడా ఏదో ఉంది. తియ్యగా, గోళ్ల రంగు వాసనలా.

ఆడడం బాగానే ఆడుతోంది.

ఏప్రిల్ 12, శనివారం, రాత్రి 8

క్రమంగా రాస్తాను.

పొద్దున చూస్తే సందు వేలు పట్టేంత అయింది. రిపేర్ చేయిద్దామని నారాయణగూడ పోయాను. ఫ్లైఓవర్ పక్కన ఒక చిన్న షాపు. శ్రీపతి అని బోర్డు మీద పేరు. నడిచి పోయాను, బుజానికి సంచిలో వేసుకుని, దారంతా అది నా నడుముకు కొట్టుకుంటూనే ఉంది.

సంచిలోంచి తీసి కౌంటర్ మీద పెట్టబోయాను. శ్రీపతి కుర్చీ వెనక్కి తోసి లేచాడు. అతని ముఖం చూశాక నాకు అర్థమైంది.

"అక్కా, జర మెల్లగ. ఈడ కాదు. బయట, కింద పెట్టు" అన్నాడు.

పేవ్‌మెంట్ మీద పెట్టాను. ఇద్దరం దానికి దూరంగా నిలబడ్డాం. బ్యాటరీ ఉబ్బిందట. లోపల గ్యాస్. నాసిరకం బ్యాటరీ వేసి, ఫోన్ ఛార్జర్ పెట్టి, రోజంతా వాడితే ఇట్లే అయితది అన్నాడు. రోజుకు ఎన్నిసార్లు ఛార్జింగ్ పెడుతున్నారని అడిగాడు. ఒకసారి అన్నాను. లేదక్కా, రెండు మూడు సార్లు పెడ్తున్నరు అన్నాడు.

ఏమైతది అని అడిగాను. "ఏం కాకపోవచ్చు. అయితే మాత్రం నిమిషం పట్టదు" అని చొక్కా చెయ్యి పైకి మడిచాడు. మోచేతి వరకు చర్మం మెరుస్తూ ఉంది. ఇట్లాంటిది ఒకటి తెరిచాడట. అప్పటి నుంచి ముట్టడట. పైన పిల్లలతో కాపురం ఉంటాడు కాబట్టి షాపులోనూ పెట్టుకోడు. ఇట్లాంటివి తీసుకుపోయే బండి మంగళవారం వస్తుందట. రేపు ఆదివారం, ఎల్లుండి జయంతి సెలవు. మంగళవారం పొద్దున తెమ్మన్నాడు. అప్పటిదాకా ఛార్జింగ్ పెట్టొద్దు, నొక్కొద్దు, ఎండలో పెట్టొద్దు, బట్టల్లో పెట్టొద్దు.

మరి ఎక్కడ పెట్టాలి అన్నాను. అంటుకునేటిది ఏదీ లేని కాడ అన్నాడు.

ఇంతకు ముందు దాన్ని మోసుకుంటూ వచ్చిన దారిలోనే వెనక్కి మోసుకుపోవాలి. సంచిని ఒంటికి దూరంగా చేయి చాపి పట్టుకున్నాను. మెట్రోలో బ్యాగు స్కానింగ్ ఉంటుంది. బస్సులో జనం. ఆటో ఎక్కితే ఆటో ఆయనకు చెప్పాలి. నడిచాను. చిక్కడపల్లి మెయిన్ రోడ్డు మీద శనివారం రద్దీ. పక్కన ఒకామె చంటిదాన్ని ఎత్తుకుని పుచ్చకాయ ముక్కలు తినిపిస్తోంది. రోడ్డు దాటి అవతలికి పోయాను. అక్కడ గ్యాస్ సిలిండర్లతో బజ్జీల బండి. మళ్లీ ఇవతలికి వచ్చాను. ఒకతను ఢీకొట్టి సారీ అక్కా అన్నాడు. నేను కళ్లు మూసుకుని నిలబడ్డాను. ఏమీ కాలేదు. లైబ్రరీ గేటు దగ్గర నా కోచింగ్ వాళ్లు చాయ్ తాగుతూ పిలిచారు. వినబడనట్టు వచ్చేశాను.

రోడ్డు మీద ఎక్కడైనా వదిలేయాలని ఎన్నిసార్లు అనిపించిందో. చెత్త బండి దగ్గర ఆగాను కూడా. బండి వెనక చెత్త ఏరే ఆమె చేతులు చూశాను. వేయలేకపోయాను.

హాస్టల్‌కు తెచ్చాను. ఇదీ నేను చేసిన పని.

ఏప్రిల్ 13, ఆదివారం, ఉదయం 10

మా హాస్టల్ గురించి ఇప్పటి వరకు నేనెప్పుడూ ఇట్లా ఆలోచించలేదు. మూడు అంతస్తులు. గదికీ గదికీ మధ్య ప్లైవుడ్. కిటికీలకు ఇనుప గ్రిల్. ఒకటే మెట్లదారి, దాని కిందే బండ్లు, వంటగది. టెర్రస్ తలుపుకు తాళం. అందరి మంచాల మీదా పుస్తకాలు, కాగితాలు. నలభై మూడు మందిమి.

హాస్టల్ పద్మ ఆంటీది. ఆవిడ పెట్టిన ఒకే గట్టి రూల్, కరెంటు వస్తువులు వద్దని. ఇస్త్రీ పెట్టె దొరికిందని పోయినేడు ఒకమ్మాయిని అదే రోజు పంపించేసింది. ఇది చెబితే నన్నూ పంపిస్తుంది. పరీక్షకు ముప్పై ఐదు రోజులుంది.

నిన్నటి నుంచి నాలుగు చోట్లు మార్చాను. లాకర్లో బట్టలున్నాయి, వద్దు. బాత్రూమ్ సజ్జ మీద పెడితే ఎవరైనా చూస్తారు. కిటికీ గట్టు మీద ఎండ. ఇప్పుడు స్టీల్ డబ్బాలో పెట్టి, మూత బిగించకుండా, స్వర్ణ ఖాళీ మంచం కింద గచ్చు మీద పెట్టాను. దానికీ భాను దిండుకూ మధ్య నాలుగడుగులు.

నాయన పనిలో ఎక్కడైనా నిప్పు అంటుకుంటే ముందు ఇసుక పోస్తారు. బకెట్‌లో ఇసుక తెచ్చుకుందామనుకున్నాను. సందు చివర ఇల్లు కడుతున్నారు, కుప్పలు కుప్పలుగా ఉంది. ఎందుకని అడుగుతారు. అడుగుతారని తేలేదు.

సాయంత్రం 6

భానుకైనా చెప్పాలి. నోరు తెరిచాను. రేపు మెస్‌లో ఏం కూర అని అడిగాను.

ఏప్రిల్ 14, సోమవారం

అందరం బతికే ఉన్నాం.

ఏప్రిల్ 16, బుధవారం

విద్యానగర్ సైట్ నుంచి రాస్తున్నాను. ఎడమ చేతికి కట్టు ఉంది. కుడి చేయి బాగానే ఉంది, రాయొచ్చు.

మొన్న పొద్దున కోచింగ్‌లో గ్రాండ్ టెస్ట్. నాకు ఊపిరి ఆడకపోవడం అసలు రాలేదు. నా భయమంతా మంచం కింద డబ్బాలో ఉంది. పన్నెండున్నరకు పేపరిచ్చి బయటపడ్డాను. భాను కడుపునొప్పని టెస్టుకు రాలేదు. అశోక్‌నగర్ చౌరస్తాలో జయంతి ఊరేగింపు, డీజే, నీలం జెండాలు. జనాన్ని తప్పించుకుని గదికి వచ్చాను.

భాను నిద్రపోతోంది. డబ్బా మూత నేల మీద ఉంది. గోడ సాకెట్ నుంచి తెల్ల వైరు భాను మంచం మీదికి పోయింది. గేమ్ దాని దిండు మీద, చెంపకు జానెడు దూరంలో ఉంది. ఛార్జింగ్ లైటు వెలుగుతోంది. మూత పూర్తిగా తెరుచుకుంది. లోపల వెండి రంగు సంచి ఒకటి అప్పడంలా ఉబ్బింది.

ఆ ఒక్క క్షణంలో ముత్యాల సంగతి అర్థమైంది. నాకు పిచ్చి లేదు. నేనున్నప్పుడు నేను ఆడాను, నేను లేనప్పుడు భాను ఆడింది. ఫోన్ నేను తీసుకున్నాను కదా, ఇంకేం చేస్తుంది? వింతేమిటంటే నాకు సంతోషం వేసింది. అర సెకను.

స్విచ్ ఆపి వైరు లాగాను. అప్పుడు చప్పుడు మొదలైంది. సన్నగా, సుయ్‌మని. భాను జుట్టు పట్టుకుని మంచం మీది నుంచి లాగేశాను. అది అరిచింది. గేమ్‌ను ఎడమ చేత్తో డబ్బాలోకి తోసి, డబ్బా పట్టుకుని పరుగెత్తాను. అరచేయి కాలిందని అప్పుడు తెలియలేదు.

భోజనాల వేళ. మెట్ల నిండా కంచాలు పట్టుకుని అమ్మాయిలు. జరగండి జరగండి అని అరిచాను. డీజే మోతలో ఎవరికీ వినబడలేదు, నా ముఖం చూసి గోడలకు అంటుకుపోయారు. డబ్బాలోంచి తెల్లటి పొగ. కింద మెట్టు దగ్గర కాలు జారింది. డబ్బా జారలేదు.

సందులో ఐదిళ్లు దాటితే ఆ కడుతున్న ఇల్లు. పనికి సెలవు, ఎవరూ లేరు. ఇసుక కుప్పలో డబ్బా బోర్లించి రెండు చేతులతో ఇసుక తోశాను. అప్పుడు పేలింది. పెద్ద చప్పుడేమీ కాదు, టైరు పగిలినట్టు. ఇసుకలోంచి ఎర్రటి మంట నా మోకాలంత లేచింది. ఇంకా ఇసుక పోశాను. లోపల నుంచి చిటపటలు. చాలాసేపు పోస్తూనే ఉన్నాను. చాలమ్మా, అయిపోయింది అని ఎవరో బుజం పట్టుకుని లేపారు.

పద్మ ఆంటీ వచ్చింది. తిడుతుందనుకున్నాను. ఇసుక వైపు చూసింది, హాస్టల్ గ్రిల్ కిటికీల వైపు చూసింది, ఆ రోడ్డు మీదే గట్టు మీద కూర్చుండిపోయింది.

"నలభై మూడు మంది పిల్లలు, నాగశ్రీ. ఒక్క మాట చెప్తే అయిపోవు గద."

పంపించేస్తారని భయపడ్డాను ఆంటీ అన్నాను.

"ఇప్పుడు పంపిస్తున్న గద మరి" అంది. సాయంత్రంలోగా ఖాళీ చేయమంది. నా చేతికి నీళ్లు పోస్తూ చెప్పింది ఆ మాట, కుళాయి కింద పట్టుకుని, పావుగంట సేపు.

భాను గేటు దగ్గర నిలబడి ఉంది, చెప్పుల్లేకుండా. ఎవరిది, ఎవరు ఛార్జింగ్ పెట్టారని అందరూ అడుగుతున్నారు. నాదే అన్నాను. అది అబద్ధం కాదు. భాను ఏమీ అనలేదు.

ఏప్రిల్ 17, గురువారం

నాయన గురించి రాయాలి.

సోమవారం నాలుగింటికి ట్రాలీ ఆటో తీసుకుని వచ్చాడు. ఫోన్‌లో ఆంటీయే అంతా చెప్పింది. గేటు దగ్గర నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు. కట్టు చూశాడు. సందు చివర ఇసుక దగ్గరికి పోయి కాలితో కదిపి వచ్చాడు.

"పొడి ఇసుకనేనా?" అన్నాడు.

అవునన్నాను. మంచిదన్నాడు. అంతే. నా పరుపు, పుస్తకాలు తనే మోశాడు. ఆటోలో వెనక పుస్తకాల కట్టల మీద ఇద్దరం కూర్చున్నాం. నల్లకుంట దాటాక అడిగాడు.

"గదేంది బిడ్డా? ఆడుకునేదా?"

"ఊ."

"గంత మంచిగుంటదా?"

"భయమైనప్పుడు ఆడేదాన్ని నాయనా."

"దేనికి భయం?"

ఏమని చెప్పాలి? అన్నిటికీ అన్నాను. ఊపిరి ఆడదు అన్నాను. టెస్టుల మధ్యలో లేచి వచ్చేస్తున్నాను అన్నాను. ఒక్కొక్కటే అన్నీ చెప్పేశాను. మొన్న కళ్లు ఎర్రగున్నది చదివి కాదని కూడా చెప్పాను. నాయన రోడ్డు వైపు చూస్తూ విన్నాడు. తిడితే బాగుండు అనిపించింది.

సైట్ దగ్గర దిగాక, ఆటో ఆయన పోయాక, అప్పుడన్నాడు. ఆరేండ్ల కింద తన పక్కన పని చేసే మనిషి పై నుంచి పడ్డాడట. నాకు తెలియదు. అప్పటి నుంచి పైకి ఎక్కినప్పుడల్లా కాళ్లు వణుకుతాయట. ఇప్పటికీ.

"మరేం చేస్తవు?" అన్నాను.

"పక్కోనికి చెప్త. నాకు భయమైతుంది, జర పట్టుకోరా అంట."

"నవ్వరా?"

"నవ్వుతరు. పట్టుకుంటరు."

నా పుస్తకాలు ఎత్తుకుని మెట్లెక్కాడు.

ఏప్రిల్ 25, శుక్రవారం

మూడో అంతస్తులో ఒక గది నాకిచ్చారు. తలుపుల్లేవు, కిటికీలకు చట్రాలే ఉన్నాయి. ఇటుకల మీద చెక్క పరిచి నాయన బల్ల చేశాడు. కింద కాంక్రీట్ కలిపే మిషన్ తిరుగుతుంటే ఏమీ వినబడదు. పనివాళ్లు మెట్ల మీద నా గది దాటేటప్పుడు మాట్లాడడం ఆపేస్తారు. ఆఫీసరమ్మ చదువుతున్నదని. అది కూడా భయమే.

స్వర్ణకు ఫోన్ చేశాను. ఏడ్చింది. నీ తప్పు కాదన్నాను. బ్యాటరీ ఎక్కడ వేయించిందో గుర్తు లేదట.

మే 2, శుక్రవారం

నిజం రాయాలి కాబట్టి రాస్తున్నాను. ఇంకొకటి కొనుక్కోవాలని ఉంది.

అరచేతి మీద కొత్త చర్మం గులాబీ రంగులో వస్తోంది. దాన్ని చూస్తూనే గంటసేపు ఫోన్‌లో గేముల మోడళ్లు చూశాను. మంచి కంపెనీవి, అసలు బ్యాటరీతో. అది నన్ను కాల్చేసింది, ఒక పిల్లను చంపబోయింది, నా గంటలన్నీ తినేసింది. అయినా ఆర్నెల్ల తర్వాత నేను పూర్తిగా రాసిన ఆ టెస్టులు దాని చలవే. రెండూ నిజమే. ఈరోజు మధ్యాహ్నం మళ్లీ ఊపిరి ఆడలేదు. చేతుల్లో ఏమీ లేదు. ఖాళీ చేతుల బొటనవేళ్లు వాటంతట అవే కదిలాయి. చూసి ఇంకా భయమేసింది.

పేజీ మూసేశాను. కొనలేదు. ఎప్పటికీ కొననని మాత్రం రాయను.

మే 11, ఆదివారం

భాను ఫోన్ చేయలేదు. నేనూ చేయలేదు. దాని ఫోన్ లాకర్‌లోంచి తీసి దాని చేతిలో పెట్టే వచ్చాను.

మే 18, ఆదివారం, సాయంత్రం 5

రాసి వచ్చాను.

సెంటర్ నల్లకుంటలోనే ఒక కాలేజీ. నాయన గేటు దాకా వచ్చాడు, ఈసారి సిమెంటు లేని చొక్కా. యాభై ఎనిమిది వరకు బాగానే నడిచింది. యాభై తొమ్మిదో ప్రశ్న ఏదో ప్రాజెక్టు గురించి. మూడుసార్లు చదివాను. అక్షరాలు కదిలాయి. వచ్చేసింది అనుకున్నాను. వేళ్లకు స్పర్శ పోయింది. పెన్ను కింద పడింది. బాత్రూమ్ అని చెప్పి పోతే ఇక తిరిగి రాను, నాకు తెలుసు.

చేయి ఎత్తాను. ఇన్విజిలేటర్ వచ్చింది. నడివయసు మనిషి, మెడలో ఐడీ కార్డు, నవత అని పేరు. ఏం కావాలి, అడిషనల్ షీట్లు ఉండవు అంది.

"మేడం, నాకు భయమవుతోంది" అన్నాను.

ముందు వరుస అబ్బాయి వెనక్కి తిరిగి చూశాడు. పక్కమ్మాయి నవ్వింది. నిజంగానే నవ్వింది. మేడం నా ముఖంలోకి చూసింది. కింద పడిన పెన్ను తీసి బల్ల మీద పెట్టింది. నీళ్లు తాగమంది. "రాయి. నేను ఈడనే ఉంట" అని నా బల్ల అంచు మీద చేయి వేసి నిలబడింది. ఆ చేతి మీద గాజు ఒకటి పగిలి దారంతో చుట్టి ఉంది. దాన్ని చూస్తూ కూర్చున్నాను.

భయం పోలేదు. ఉన్నచోట ఉంది. పద్నాలుగు నిమిషాలు పోయాయి. ఆ తర్వాత అరవయ్యో ప్రశ్న చదివాను.

ఇరవై రెండు ప్రశ్నలు వదిలేశాను. ఉద్యోగం రాకపోవచ్చు. చివరి బెల్లు దాకా మాత్రం కుర్చీలోనే ఉన్నాను. బయటికి వచ్చి నాయనకు అదే చెప్పాను, వదిలేసినవి ఎన్నో కూడా చెప్పాను. తల ఊపాడు. ఆకలైతుందా అన్నాడు.

మే 24, శనివారం

భాను వచ్చింది. మూడు అంతస్తులు ఎక్కి ఆయాసపడుతూ వచ్చి నా పక్కన కూర్చుంది. ఛార్జింగ్ పెట్టింది తనేనని పద్మ ఆంటీకి చెప్పేసిందట. ఎప్పుడు అన్నాను. నిన్న అంది. లెక్క పెట్టాం. చెప్పడానికి దానికి ముప్పై తొమ్మిది రోజులు పట్టింది. గేమ్ మూత లేచిన రోజు నుంచి లెక్కేస్తే నాకు ఐదు. ఇద్దరం నవ్వాం. తర్వాత అది ఏడ్చింది. ఆంటీ ఏమందో నేను అడగలేదు, అది చెప్పలేదు.

కరెంటు పోయింది. కింద మిషన్ ఆగిపోయింది. ఒక్కసారిగా అంత నిశ్శబ్దం. అక్కా, నీకూ భయమవుతోందా అంది. అవుతోంది అన్నాను. ఇద్దరిలో ఎవరమూ లేవలేదు.